గోదావరి లంకలు

గోదావరి నదిలోను, దాని పాయల నడుమను ఇసుక, ఒండ్రుమట్టి మేటవేయడం వలన ఏర్పడిన దీవులను గోదావరి లంకలు అంటారు. ఇవి ధవళేశ్వరం పరిసరాల నుండి సముద్రతీరం వరకు ఉన్న డెల్టా ప్రాంతంలో ఎక్కువగా కనిపిస్తాయి. బొబ్బర్లంక, కేదార్లంక, ఎదుర్లంక, కనకాయలంక మొదలైన ఊర్ల పేర్లలో 'లంక' అనే పదం ఈ అర్థంలోనే వాడుకలో ఉంది.

ఏర్పడిన విధం

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అనే ప్రధాన పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుండి వైనతేయ విడిపోతుంది. డెల్టాలో నేల వాలు తక్కువ కావడం వలన నీటి వేగం తగ్గి ఒండ్రు అడుగున నిలుస్తుంది. మొదట ఇసుకతిన్నె ఏర్పడి, దానిపై రెల్లు పెరుగుతుంది. తరువాతి వరదలు తెచ్చిన మట్టిని ఈ రెల్లు పట్టి ఉంచుతుంది. కాలక్రమేణా ఆ నేల సాగుకు పనికివస్తుంది. 1847-1852 మధ్య సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో నిర్మించిన ఆనకట్టను ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్టడానికి నడుమనున్న లంకలే ఆధారమయ్యాయి.

ఆర్థిక వ్యవస్థ

చాలా లంకలు ఏటిగట్లకు లోపల, అనగా నదివైపున ఉన్నందున డెల్టా కాలువల నీరు వీటికి అందదు. రైతులు బోర్ల నీటితో కూరగాయలు, అరటి, కొబ్బరి, మొక్కజొన్న, పూలతోటలు సాగుచేస్తారు. చుట్టలకు వాడే లంక పొగాకు ప్రసిద్ధమైనది. పచ్చిమేత సమృద్ధిగా లభించడం వలన పాడి మరొక ఆదాయ మార్గం. లంకల అరటిగెలలు రావులపాలెం మార్కెట్టుకు చేరుతాయి. వరద కాలంలో ఏటికి ఎదురీదే పులస చేప మత్స్యకారులకు మంచి ధర తెస్తుంది.

వరదలు

ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి, 13.75 అడుగులకు రెండవ, 17.75 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీచేస్తారు. వరద పెరిగేకొద్దీ లంకలకు వెళ్ళే కాజ్‌వేలు మునిగి, పడవలే ఆధారమవుతాయి. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2022 జూలైలో వచ్చిన వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది.

నదీకోత

లంక వాసులకు ముంపు కంటె కోత పెద్ద సమస్య. ముంపు తగ్గిన తరువాత నేల మిగులుతుంది, పైగా కొత్త ఒండ్రు చేరుతుంది. కోతలో నేలే పోతుంది, కొబ్బరిచెట్లు, ఇళ్ళు నదిలో కలుస్తాయి. ఒకచోట కోసుకుపోయిన మట్టి మరొకచోట మేటవేసినా, అలా కొత్తగా ఏర్పడిన లంకను సాధారణంగా ప్రభుత్వ భూమిగా పరిగణిస్తారు కనుక నష్టపోయిన రైతుకు అది దక్కదు. కౌలు పత్రం లేని కౌలుదారుకు పంట నష్టపరిహారం పొందడం మరింత కష్టం. ఎగువ జలాశయాలలో ఒండ్రు నిలిచిపోవడం వలన డెల్టాకు చేరే మట్టి తగ్గింది. కనుక కోల్పోయిన నేల తిరిగి ఏర్పడే అవకాశం కూడా మునుపటికంటె తగ్గింది. కోతను అరికట్టడానికి ఒడ్డున రాతికట్టడాలు, ప్రవాహాన్ని మళ్ళించే గ్రోయిన్లు నిర్మిస్తారు.

ఇవి కూడా చూడండి

కోనసీమ
ధవళేశ్వరం ఆనకట్ట
పులస