వానాకాలంలో పగిలిన తూటాలు

మనం ఇత్తడి అంటాం. ఇక్కడ పూణెలో పక్కింటివాళ్ళు పితళ్ అంటారు, బెంగళూరు చుట్టాల చుట్టుపక్కల హిత్తాళె, మద్రాసులో పిత్తళై. పేరు ఏదైనా బిందె, చెంబు, దీపపు కుంది మన ఇళ్ళలో తరాలుగా ఉన్నవే. మా ఖడ్కీలో మాత్రం ఇత్తడి అంటే ఇంకొకటి కూడా గుర్తొస్తుంది: తూటా. 1869లో ఇక్కడ మందుగుండు ఫ్యాక్టరీ పెట్టారు. కాల్చేసిన పాత తూటా గుల్ల ఒకటి అగరుబత్తి స్టాండుగా నిలబడి ఉంటే ఇక్కడ ఎవరూ వింతగా చూడరు. దాని మూతి దగ్గర సన్నగా నిలువు చీలిక ఉంటే, పాతది కదా, అరిగిపోయిందిలే అనుకుంటాం. ఇత్తడి అలా ఊరికే అరిగి చీలదు.

మొదట్లో తూటాకి గట్టి గుల్ల లేదు. 1871లో బ్రిటిష్ సైన్యానికి వచ్చిన మార్టినీ-హెన్రీ తుపాకీ తూటాని పలచని ఇత్తడి రేకు చుట్టి, అడుగున ఇనుప బిళ్ళ పెట్టి చేసేవారు. 1885లో సూడాన్‌లోని అబూ క్లీ యుద్ధంలో ఆ తుపాకులు ఇరుక్కుపోయాయి. కాలిన గుల్లని బయటికి లాగితే అడుగు బిళ్ళ ఒక్కటే ఊడి వచ్చేది, రేకు లోపలే ఉండిపోయేది. ఎదురుగా శత్రువు, చేతిలో పనిచేయని తుపాకీ. అందుకే ఒకే ముక్క ఇత్తడితో సాగదీసిన గుల్లకి మారారు.

ఈ సాగదీయడం మన కంచరివారికి కొత్తేమీ కాదు. నూటికి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగం కలిసిన రేకులోంచి బిళ్ళ కోసి, గిన్నెలా నొక్కి, మళ్ళీ మళ్ళీ అచ్చుల్లోంచి లాగి పొడుగు చేస్తారు. లాగినకొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది కాబట్టి మధ్యమధ్యలో కాల్చి మెత్తబరుస్తారు. బిందె కొట్టేవాళ్ళు చేసేదీ అదే: కొట్టడం, కాల్చడం, మళ్ళీ కొట్టడం. తేడా అంతా చివరి లాగుడులో ఉంది. గుల్ల అడుగు గట్టిగా ఉండి తీరాలి, కాబట్టి ఆ చివరి బిరుసుని అలాగే వదిలేసేవారు. ఆ బిరుసుతోపాటు లోహంలో కంటికి కనపడని బిగువు కూడా ఉండిపోయేది. పాత రోగం పోయింది గానీ దాని మందులోంచే కొత్త రోగం పుట్టింది.

అది బయటపడింది మన దేశపు వానాకాలంలోనే. వర్షాలకి సైన్యం కదలికలు తగ్గితే తూటాల పెట్టెల్ని గుర్రపుశాలల్లో దాచేవారు. వానలు తగ్గాక తెరిచి చూస్తే, ఒక్కసారి కూడా పేలని తూటాలు పగిలి ఉండేవి, అదీ ఎక్కువగా గుల్ల గుండుని బిగించి పట్టుకునే మూతి దగ్గర. దీనికి ఇంగ్లీషులో సీజన్ క్రాకింగ్ అని పేరు పడింది. ఆ పేరు వానల సీజన్ వల్ల వచ్చిందని కొందరు, ఆరబెట్టిన కలప చీలినట్టు ఉంటుంది కాబట్టి వచ్చిందని కొందరు అంటారు.

కారణం తేలింది 1921లో. మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు లోహ శాస్త్రజ్ఞులు దాన్ని వివరించారు. గుర్రాల మూత్రం కుళ్ళితే అమోనియా వస్తుంది. కళాయి వేసేటప్పుడు నవాసాగరం చల్లితే ముక్కు మండేలా పొగ లేస్తుందే, ఆ ఘాటులోనూ ఈ అమోనియా ఉంటుంది. వానాకాలపు చెమ్మలో అది కరిగి ఇత్తడి మీద పొరలా పడుతుంది, ఇత్తడి రేణువుల మధ్య సందుల్ని తినేస్తుంది. లోపల బిగువు ఉన్న ఇత్తడి సరిగ్గా అక్కడే విచ్చుకుంటుంది. అమోనియా, చెమ్మ, బిగువు మూడూ కలిస్తేనే ఈ పగులు. వాతావరణాన్ని ఎవరూ మార్చలేరు, గుర్రాలు లేకుండా అప్పటి సైన్యం లేదు. చేతిలో ఉన్నది బిగువు ఒక్కటే.

మందు చిత్రంగా తేలికైనది. మందు దట్టించకముందు, ఖాళీ గుల్లని సుమారు 250 నుంచి 300 డిగ్రీల వేడిలో కాసేపు ఉంచితే చాలు. ఎర్రగా కాల్చినట్టు మెత్తబడదు, బిరుసు నిలుస్తుంది, బిగువు మాత్రం జారిపోతుంది. బిగువు పోయిందా లేదా చూడడానికి పాదరసపు లవణం కలిపిన ద్రావణంలో నమూనా గుల్లల్ని ముంచేవారు. బిగువు మిగిలి ఉంటే అక్కడికక్కడే పగిలేవి.

విదేశాల్లో కాల్చిన గుల్లల్ని మళ్ళీ నింపుకునే షూటర్లు ఈ చరిత్రనే రోజూ చదువుతున్నట్టు లెక్క. మూతి దగ్గర నిలువు చీలిక కనిపిస్తే, పదేపదే వ్యాకోచించి, మళ్ళీ నొక్కించుకుని ఇత్తడి బిరుసెక్కిందని అర్థం. మూతి వరకే కాల్చి మెత్తబరుస్తారు, అడుగుకి వేడి తగలనివ్వరు. అడుగుకి కాస్త పైన చుట్టూ మెరిసే గీత కనిపిస్తే అది వేరే జబ్బు. గుల్ల సాగి అక్కడ పలచబడింది, ఇక తెగిపోతుంది. అలాంటిదాన్ని పారేయడం తప్ప వైద్యం లేదు. అమోనియా ఉన్న పాలిష్‌తో గుల్లల్ని తోమవద్దని వాళ్ళు చెప్పుకునే జాగ్రత్త ఆ గుర్రపుశాలల పాఠమే. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం, కాబట్టి మనకి ఇది చదువుకునే విషయం మాత్రమే.

అటక మీద పాత పెట్టెలో గుండుతో సహా ఉన్న తూటా ఎప్పుడైనా దొరికితే తోమకండి, కొట్టి చూడకండి. పోలీసులకి కబురు చేయండి.