స్తూపం మీద సగం పేరు

పాల్వంచ దాటి అడవిలోకి మళ్ళే ఒక చిన్న రోడ్డు పక్కన, మా మావయ్య వాళ్ళ ఊరి పొలిమేరలో ఒక స్తూపం ఉంది. ఎర్ర రంగు, పైన సుత్తీ కొడవలి. ఖమ్మం జిల్లాలో పెరిగినవాళ్ళకి ఇది వింతేం కాదు. చిన్నప్పుడు దాని అరుగు మీద కూర్చుని తునికి పండ్లు తిన్నాం తప్ప పేర్లు చదివిన గుర్తు లేదు నాకు.

నిరుడు సెప్టెంబర్లో చదివాను. చేతిలో వైర్ బ్రష్ పట్టుకుని పాచి గీకుతుంటే చదవక తప్పలేదు.

రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ కలిసి సాయుధ పోరాటానికి పిలుపిచ్చింది 1947 సెప్టెంబర్ 11న. అందుకే ఈ వైపు స్తూపాలకి ఏటా ఆ వారంలో రంగు పడుతుంది. మావాళ్ళ ఊళ్ళో అది ఆగిపోయి చాలా ఏళ్ళయింది. రంగు వేసే పెద్దవాళ్ళు పోయారు, వాళ్ళ పిల్లలు నాలాగే హైదరాబాద్ చేరారు. చివరికి మేం అయిదుగురం పోగయ్యాం: మావయ్య, ఒక రిటైర్డ్ మాస్టారు, ఒక ఆటో డ్రైవరు, ఒక డిగ్రీ కుర్రాడు, నేను. 1964లో పార్టీ చీలింది, ఆ తర్వాత ఇంకా చీలింది కాబట్టి స్తూపం ఎవరిదన్న తగువు ఊళ్ళో ఇంకా ఉంది. మేం ఏ జెండా పట్టుకెళ్ళలేదు. దాంతో అందరికీ మా మీద అనుమానమే.

1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. మనం చదువుకున్న కథ దాదాపు అక్కడితో అయిపోతుంది. దాన్ని విమోచనం అనాలా, విలీనం అనాలా అని ఏటా టీవీల్లో పోట్లాడుకుంటాం కూడా. ఈ అడవిలో మాత్రం అసలు యుద్ధం ఆ తర్వాతే జరిగింది. మైదానాల్లోకి భారత సైన్యం వచ్చాక దళాలు గోదావరి అడవుల్లోకి జరిగాయి. అప్పట్లో గోదావరే సరిహద్దు: ఇవతల పాల్వంచ నిజాం రాజ్యం, అవతల భద్రాచలం మద్రాసు రాష్ట్రం. దళాల వెనకే సైన్యమూ వచ్చింది. దళాలకి గింజ అందకుండా చెయ్యడానికి కోయగూడేలను ఖాళీ చేయించి, జనాన్ని తెచ్చి క్యాంపుల్లో పెట్టారు. దాదాపు అదే కాలంలో మలయాలో బ్రిటిష్‌వాళ్ళు చేసిందీ ఇదే.

ఇదంతా నాకు తెలిసింది పుచ్చలపల్లి సుందరయ్య పుస్తకం వల్ల. 1972లో ముందు ఇంగ్లిష్‌లో వచ్చింది. చదవడానికి కష్టమైన పుస్తకం; ఊరి పేరు, మనిషి పేరు, మళ్ళీ ఊరి పేరు. మొదటిసారి విసుగొచ్చి ఆ పేజీలు తిప్పేశాను. స్తూపం దగ్గర నిలబడ్డాక ఆ విసుగు గుర్తొచ్చి సిగ్గేసింది. కోయ దళనాయకుడు సోయం గంగులు కథ ఆ పుస్తకంలో ఉంది. ఆయన్ని కాల్చి చంపింది 1951లో. అదే ఏడాది అక్టోబర్‌లో పార్టీ పోరాటాన్ని విరమించింది.

గంగులుకి కనీసం ఆ పేజీలున్నాయి. మిగతావాళ్ళ సంగతి? కేంద్రం సమరయోధుల పెన్షన్ మొదలుపెట్టిందీ 1972లోనే. దానికి ఆరు నెలల జైలు రుజువు కావాలి; ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి మూడు నెలలు చాలు. అజ్ఞాతంలో ఉన్నామంటే వారంటు లాంటి కాగితం చూపించాలి. రాత్రిపూట దళానికి జొన్నన్నం మోసిన మనిషికి వారంటు ఎవరిస్తారు? గూడేన్నంతా తోలుకుపోయిన క్యాంపుకి జైలు రిజిస్టర్ ఉంటుందా? పైగా ప్రభుత్వం స్వాతంత్ర్య పోరాటంగా లెక్కేసింది నిజాం మీద జరిగినదాన్నే. భారత సైన్యాన్ని ఎదిరించిన మూడేళ్ళు అందులోకి రావు. కోయగూడేలు ఎక్కువ నష్టపోయింది సరిగ్గా ఆ మూడేళ్ళలోనే. ఆ మనుషులకి మిగిలిన రిజిస్టర్ ఇలాంటి సిమెంటు పలక ఒకటే. బ్యాకప్ లేని డేటాబేస్ అంటే మా ఆఫీసులో ఎవడికీ నిద్ర పట్టదు.

పలక మీద ఏడు పేర్లు. ఆరు దొరికాయి. ఏడోదాంట్లో ‘పూనెం’ అని ఇంటిపేరు ఉంది, తర్వాత సిమెంటు పెచ్చు ఊడిపోయింది. సుందరయ్య పుస్తకం తిరగేశాం, దొరకలేదు. మాస్టారు గూడెంలోకెళ్ళి ఒక పెద్దమ్మని వెంటబెట్టుకొచ్చారు. ఆమె పలకని వేలితో తడిమి చూసి, రెండు పేర్లు చెప్పింది. ఇద్దరూ అన్నదమ్ములే, ఇద్దరూ అప్పుడే పోయారట. ఈ రాయి మీదున్నది ఎవరో తనకి తెలీదంది.

ఇద్దరివీ రాసేద్దాం అన్నాడు డిగ్రీ కుర్రాడు. మనకి తెలియనిది రాస్తే రేపు అదే చరిత్ర అయిపోద్ది అని మావయ్య ఒప్పుకోలేదు. గంటసేపు వాదించుకున్నాం. నేను కుర్రాడి వైపే మాట్లాడాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

చీకటి పడేలోపు ‘పూనెం’ వరకూ తెల్లరంగు వేసి, పక్కన జాగా వదిలాం. పెద్దమ్మ చెప్పిన రెండు పేర్లూ మాస్టారు డైరీలో ఉన్నాయి. నేను ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను.