అర్హతకు ముందొక గడప

శ్రీకాకుళం, విజయనగరాల్లో ఆడపిల్లల ఆట అనగానే బరువులెత్తడమే గుర్తొస్తుంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. కొండవెలగాడ బిడ్డ మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం అందుకుంది. ఆ పతకాలు మావి కూడా. 1641 నాటి జామియా మసీదు నిలిచి ఉన్న శ్రీకాకుళంలో మేము నిన్న దిగిన చుట్టాలం కాము.

అయితే మల్లీశ్వరి నిలబడ్డ ఆ వేదిక మీద, చేతులూ కాళ్ళూ కప్పుకున్న మా పిల్ల నిలబడగలిగేదా? లేదు. మోచేతులు, మోకాళ్ళు న్యాయనిర్ణేతలకు కనబడాలన్నది అప్పటి నిబంధన. 2011లో అమెరికాలోని కుల్సూమ్ అబ్దుల్లా పట్టుబట్టి అడిగాకే, ఒళ్ళంతా కప్పే బిగుతు దుస్తులకు అంతర్జాతీయ సమాఖ్య ఒప్పుకుంది.

బాస్కెట్‌బాల్‌లో ఆ గడప మరికొన్నేళ్ళు నిలిచింది. ఈ ఆటలో ప్రపంచకప్‌కు దారి ఖండం పోటీల మీదుగా పోతుంది. 2017 జులైలో బెంగళూరులో మహిళల ఆసియా కప్ జరిగింది. ఎ డివిజన్‌లో మొదటి నాలుగు జట్లకే 2018 ప్రపంచకప్‌లో చోటు. మన జట్టు బి డివిజన్ గెలిచి పై మెట్టెక్కింది, ప్రపంచకప్ మాత్రం అందలేదు. ఇందులో ఎవరికీ పేచీ లేదు. గెలిచినవాళ్ళు ముందుకు పోతారు.

మరి ఖతార్ అమ్మాయిల సంగతేమిటి? 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మంగోలియాతో ఆట మొదలయ్యే ముందు తలగుడ్డలు తీయమన్నారు. వాళ్ళు తీయలేదు. బంతి ముట్టకుండానే ఓడినట్టు రాసేశారు. భద్రత కోసమన్నారు. అదే క్రీడల్లో వేరే ఆటలకు ఆ భయం లేకపోయింది! చివరికి 2017 మేలో సమాఖ్య నిబంధన మార్చింది, అక్టోబరు 1 నుంచి అమలు చేసింది. అంటే బెంగళూరు పోటీ నాటికి పాత నిబంధనే. మన జట్టులో చోటు సంపాదించినా, తలగుడ్డతో మా పిల్ల కోర్టులో దిగలేకపోయేది.

కథ అక్కడితో ముగియలేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఫ్రాన్స్ తన క్రీడాకారిణులకు తలగుడ్డ కూడదంది.

మా ఇంటి మాటా చెప్పుకోవాలి. ఆడపిల్లకు ఆటలేమిటని కసిరే పెద్దలు మా మొహల్లాల్లో తక్కువేం లేరు. కప్పుకోమని ఇంట్లో గద్దింపు, తీసెయ్యమని కోర్టులో గద్దింపు. నీకేం కావాలమ్మా అని ఆ పిల్లను అడిగినవాళ్ళెవరు? ఆమె ఎంత ఎత్తగలదో, ఎంత బాగా బంతి వేయగలదో చూసి అర్హత తేల్చండి. తల మీద ఏముండాలో ఆమే తేల్చుకుంటుంది.