పోటీ వేదిక నుంచి పాప్ పాట దాకా: తెలుగు టెలివిజన్ చరిత్రలో గాయని స్మిత

ఉపోద్ఘాతం

తెలుగు సినిమా పాట మీద, జానపద గేయం మీద, ఉద్యమ గీతం మీద విశ్వవిద్యాలయాల్లో విస్తృతంగా పరిశోధన జరిగింది. పాప్ పాట మాత్రం మన సాహిత్య చరిత్రల అంచుల్లోనే ఉండిపోయింది. దాన్ని వ్యాపార సరుకుగా భావించి పక్కన పెట్టడం ఇందుకు ఒక కారణం. అంతకన్న ముఖ్యమైన కారణం మన పరిశీలన పద్ధతిలో ఉంది. పాటను సాహిత్యం, సంగీతం, గళం అనే మూడింటి కలయికగా చూడడం మనకు అలవాటు. పాడే మనిషి రూపం అనే నాలుగో అంశానికి ఈ పద్ధతిలో తావు లేదు. పాప్ పాట నిలిచేదే ఆ నాలుగో అంశం మీద.

పాటల పోటీ తెలుగువారికి టెలివిజన్ తెచ్చిపెట్టినది కాదు. టెలివిజన్ తెచ్చిన కొత్తదనం, పాడే మనిషి ముఖాన్ని పాటతో కలపడం. విజయవాడలో పుట్టి, ఈటీవీ 'పాడుతా తీయగా' వేదిక మీద పాడి, 2000లో 'హాయ్ రబ్బా' ఆల్బంతో తెలుగు పాప్ గాయనిగా పేరు పొందిన స్మిత ప్రస్థానం ఈ మార్పుకు తొలి స్పష్టమైన నిదర్శనమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఈ మార్పు ఎంతటిదో తెలియాలంటే పోటీ లేని పాటను కూడా ఎదురుగా పెట్టి చూడాలి. అందుకోసం చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతాన్ని పోలికగా తీసుకోవడమైనది. ఈ ఎంపికకు ఆధారం ఉంది. ఈటీవీకి నెలవైన రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో మొదలైంది రంగారెడ్డి జిల్లా తూర్పు భాగంలో. చేవెళ్ల, మొయినాబాదు అదే జిల్లాకు పడమటి భాగంలో ఉన్నాయి. జిల్లాకు పేరిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి స్వగ్రామం పెద్దమంగళారం మొయినాబాదు మండలంలోనిదే. తెలుగు టెలివిజన్ పాటకు కేంద్రమైన చోటు, పాట సామూహిక ఆచారంగా నిలిచిన పల్లెలు ఒకే జిల్లాలో ఉండడం ఈ పోలికకు అనుకూలం.

టెలివిజన్‌కు ముందు పోటీ

ఎస్. జానకి 1956లో ఆకాశవాణి నిర్వహించిన లలిత సంగీత పోటీలో ద్వితీయ బహుమతి పొందారు. మరుసటి ఏడాదే ఆమె సినిమా గాయని అయ్యారు. 1964లో మద్రాసులో ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ జరిపిన పోటీలో యువకుడైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ప్రథమ బహుమతి గెలుచుకున్నారు. ఆయన ప్రతిభను గుర్తించిన సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి తరువాత 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' ద్వారా నేపథ్య గాయకుడిగా పరిచయం చేశారు.

ఈ రెండు ఉదంతాల్లోనూ పోటీ ఒక గుమ్మం మాత్రమే. గుమ్మం దాటిన గాయకులు వెళ్లింది నేపథ్యంలోకి. 'నేపథ్యం' అన్న మాటే రంగస్థలం నుంచి వచ్చింది: తెర వెనుక చోటు, ప్రేక్షకుడి చూపు అందని చోటు. నేపథ్య గానమంటే గళం వినిపించాలి, మనిషి కనిపించకూడదు. పాటకు ముఖం నటీనటులది. పోటీలో విన్నదీ నిర్ణయించినదీ సంగీతజ్ఞులే. ఫలితం వచ్చాక మాత్రమే ప్రజలకు ఆ పేరు తెలిసేది. గాయకుల తడబాటు గాని, సాధన గాని, ఎదుగుదల గాని లోకానికి తెలిసే వీలు లేదు.

సినిమాకు బయట తెలుగు పాట లేదని కాదు. గ్రామఫోను రికార్డుల కాలంలోనే సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి పాడిన ప్రైవేటు గీతాలు ఇంటింటా వినిపించాయి. ఆకాశవాణి లలిత గీతాలు ఒక తరం అభిరుచిని తీర్చిదిద్దాయి. తరువాత క్యాసెట్ వచ్చి భక్తి గీతాలకు, జానపదాలకు, ఉద్యమ గీతాలకు విస్తృతమైన దారి చేసింది. వీటన్నింటిలోనూ శ్రోతకు అందింది గళమే. గాయని తానే కనిపిస్తూ, ఆ పాట తనదేనన్న భావన కలిగించే పద్ధతి వీటిలో దేనికీ లేదు.

'పాడుతా తీయగా': గురువు, న్యాయనిర్ణేత

ఈటీవీ 1995 ఆగస్టు 27న ప్రసారాలు ప్రారంభించింది. మరుసటి సంవత్సరం 'పాడుతా తీయగా' మొదలైంది. పోటీ ద్వారానే వెలుగులోకి వచ్చిన బాలసుబ్రహ్మణ్యం ముప్పై ఏళ్ల తరువాత ఈ పోటీకి వ్యాఖ్యాత, న్యాయనిర్ణేత అయ్యారు. ఉష, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్ వంటి గాయనీ గాయకులు ఈ వేదిక నుంచే సినిమా రంగానికి వెళ్లారు.

తెలుగు పరిశోధకులు ఈ కార్యక్రమంలో ప్రత్యేకంగా గమనించవలసింది తీర్పు చెప్పిన తీరు. పాట పూర్తి కాగానే మార్కులు ప్రకటించి ఊరుకోవడం అక్కడ లేదు. పాట ఎవరు రాశారు, ఎవరు స్వరపరిచారు, ఏ సందర్భంలో పుట్టింది, ఏ అక్షరం దగ్గర ఉచ్చారణ జారింది, ఏ పదం దగ్గర విరుపు తప్పి అర్థం మారింది అన్నవి బాలసుబ్రహ్మణ్యం విడమరిచి చెప్పేవారు. ఒత్తులు, శకార షకారాల భేదం, అల్పప్రాణ మహాప్రాణాల తేడా వంటి తరగతి గది విషయాలు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే కార్యక్రమంలోకి వచ్చాయి. ఇది మౌఖిక రూపంలో సాగిన పాట విమర్శ. సినిమా పాటలో గీత రచయిత పేరును శ్రోతకు గుర్తుచేసిన ప్రసార వేదికల్లో దీనికి ప్రముఖ స్థానం ఉంది.

అయితే అదే వేదిక మరో పని కూడా చేసింది. గాయకుల ముఖాన్ని ప్రతి వారం ప్రేక్షకుడి ముందుకు తెచ్చింది. ఎవరి అమ్మాయి, ఏ ఊరు, ఎలా నిలబడింది, మెచ్చుకుంటే ఎలా నవ్వింది అన్నవి గళంతో పాటు జ్ఞాపకంలో చేరాయి. కార్యక్రమం ఆశయం సంప్రదాయ పరిరక్షణ. దాని సాంకేతిక స్వభావం మాత్రం నేపథ్యంలోని గాయకులను ముందుకు లాగింది. స్మిత ప్రస్థానానికి మూలం ఈ రెండింటి మధ్య ఉన్న వైరుధ్యంలోనే ఉంది.

స్మిత: గళానికి ముఖం

స్మిత 1980లో జన్మించారు. 'పాడుతా తీయగా' తొలి ఏళ్లలో ఆ వేదిక మీద పాడినప్పుడు ఆమె ఇంకా విద్యార్థిని. ఆ పోటీ నుంచి వచ్చినవారు సహజంగా వెళ్లే దారి నేపథ్య గానం. స్మిత సినిమాలకు పాడినా, ఆమెకు పేరు తెచ్చింది సొంత ఆల్బం. 'హాయ్ రబ్బా' తెలుగులో తొలి పాప్ ఆల్బంగా ప్రసిద్ధి పొందింది.

ఈ ఎంపికకు కాలం అనుకూలించింది. 1992లో బాబా సెహగల్, 1995లో అలీషా చినాయ్, దలేర్ మెహందీ, 1996లో లక్కీ అలీ హిందీ, పంజాబీ భాషల్లో సినిమాతో సంబంధం లేని ఆల్బంలతో దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. ఛానెల్ వి, ఎంటీవీ వంటి సంగీత ఛానెళ్లు పాటకు దృశ్యాన్ని తప్పనిసరి చేశాయి. తెలుగులో అటువంటి పాటకు శ్రోతలు సిద్ధంగా ఉన్నారు గాని, వారికి ముందే తెలిసిన గాయని కావాలి. సినిమా నేపథ్యంలో ఉన్న గాయనులు గళంగా తెలిసినవారే తప్ప ముఖంగా తెలిసినవారు కారు. టెలివిజన్ పోటీ నుంచి వచ్చిన గాయనికి ఈ రెండు గుర్తింపులూ ఉన్నాయి. తెలుగు పాప్‌కు తొలి గాయని పోటీ వేదిక నుంచి రావడాన్ని అందుకే యాదృచ్ఛికం అనలేం.

ఈ వాదాన్ని ఒకే పాట రెండు జీవితాల ద్వారా పరీక్షించవచ్చు. 1973 నాటి 'దేవుడు చేసిన మనుషులు' చిత్రంలో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన ఒక ప్రసిద్ధ నృత్య గీతాన్ని స్మిత కొత్త వాద్య సమ్మేళనంతో మళ్లీ పాడి వీడియోగా విడుదల చేశారు. సినిమాలో గళం ఈశ్వరిది, దేహం నటిది. వీడియోలో గళం, దేహం రెండూ స్మితవే. సాహిత్యం మారలేదు, బాణీ మూలం మారలేదు. పాట ఎవరిదన్న ప్రశ్నకు జవాబు మారింది. సినిమాలో ఆ పాట ఒక పాత్రది. పాప్ రూపంలో అది గాయనిది. శృంగార గీతాన్ని పాత్ర చాటు లేకుండా, సొంత పేరుతో, సొంత రూపంతో పాడడం తెలుగు గాయనికి చిన్న అడుగు కాదు. నాటకరంగంలోనూ తొలినాటి సినిమాలోనూ పాడి నటించిన స్త్రీలు ఎదుర్కొన్న నిందలు తెలిసినవారికి దీని బరువు అర్థమవుతుంది.

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. పాట గాయనిది అయిన కొద్దీ రచయిత వెనక్కి వెళ్లాడు. 'పాడుతా తీయగా' గీత రచయిత పేరును ముందుకు తెస్తే, అదే వేదిక సాధ్యం చేసిన పాప్ గాయని రూపం ఆ పేరును మరుగు చేసింది. ఆల్బం పాటలను జనం గాయని పేరుతోనే గుర్తుంచుకున్నారు.

ఓటు వచ్చిన తర్వాత

2001లో బ్రిటన్‌లో మొదలైన 'పాప్ ఐడల్' నమూనా 2004లో 'ఇండియన్ ఐడల్'గా సోనీ ఛానెల్‌కు వచ్చింది. ఇందులో తుది నిర్ణయం ప్రేక్షకుల ఓటుది. 2006లో ఎన్.సి. కారుణ్య రెండో స్థానంలో నిలిచారు. 2010 ఆగస్టు 15న శ్రీరామచంద్ర విజేత అయ్యారు. 2017లో ఎల్.వి. రేవంత్ ఆ విజయాన్ని పునరావృతం చేశారు.

అధికారం సంగీతజ్ఞుడి నుంచి ప్రేక్షకుడికి మారడం మొదటి భేదం. తెలుగు గాయకులు తెలుగు పాట వదిలి హిందీ పాటతో గెలవవలసి రావడం రెండో భేదం. 'పాడుతా తీయగా'లో ఉచ్చారణ దోషం తెలుగు అక్షరానికి సంబంధించినది. ఇక్కడ తెలుగువాడి నాలుక హిందీ ధ్వనికి లొంగిందా లేదా అన్నదే పరీక్ష. పోటీ పేరులో పాప్ ఉన్నా గెలిచినవారు చేరింది మళ్లీ నేపథ్యానికే. శ్రీరామచంద్రకు 2013లో 'యే జవానీ హై దీవానీ' చిత్రంలోని పాట, రేవంత్‌కు 2017లో 'అర్జున్ రెడ్డి'లోని పాట విస్తృత గుర్తింపు తెచ్చాయి. ఓటు ముఖాన్ని ప్రసిద్ధం చేసింది గాని, సినిమాకు బయట సొంత పాటను నిలబెట్టలేకపోయింది. ఈ పోలికలో స్మిత దారి ఎంత అరుదైనదో తెలుస్తుంది.

2022లో 'ఆహా' వేదిక మీద 'తెలుగు ఇండియన్ ఐడల్' వచ్చినప్పుడు వ్యాఖ్యాత శ్రీరామచంద్రే. ఆ ఏడాది నెల్లూరుకు చెందిన వాగ్దేవి విజేత అయ్యారు. పోటీలో పాల్గొన్నవారే తరువాతి పోటీకి నిర్వాహకులయ్యే ఈ పరంపర బాలసుబ్రహ్మణ్యంతో మొదలైంది. గురుశిష్య పరంపర టెలివిజన్‌లో తీసుకున్న కొత్త రూపంగా దీన్ని పరిగణించవచ్చు.

చేవెళ్ల, మొయినాబాదు వైపు నుంచి

ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల ఎగువ ప్రాంతమైన ఈ మండలాల్లో, తెలంగాణ పల్లెలన్నింటిలాగే, బతుకమ్మ పాట ఉంది. ఒకామె ఎత్తుకుంటే మిగతావారు అందుకుంటారు. ఎత్తుకునే ఆమెకు గొంతు, జ్ఞాపకశక్తి రెండూ ఉండాలి. ఊరందరికీ ఆమె తెలుసు. అంటే ఇక్కడా గళానికి ముఖం ఉంది. కాని ఓడిపోయేవారు లేరు, పాటకు యజమాని లేరు. టెలివిజన్ పోటీ గళానికి ముఖాన్ని ఇచ్చిందన్న మాటను ఈ పోలిక సవరిస్తుంది: ముఖాన్ని తీసివేసింది రికార్డు, రేడియో, సినిమా, టెలివిజన్ దాన్ని తిరిగి ఇచ్చింది, అయితే సమూహం నుంచి విడదీసి ఒక్కరికే ఇచ్చింది.

భాష విషయం మరింత పదునైనది. సినిమా పాటను ప్రమాణంగా పెట్టుకున్న పోటీలో శుద్ధమైన ఉచ్చారణ అంటే గ్రాంథిక ఛాయ ఉన్న ప్రామాణిక భాషే. చేవెళ్ల వైపు ఇంట్లో పలికే పలుకుబడి ఆ వేదిక మీద ఒప్పుగా గాని తప్పుగా గాని ప్రస్తావనకే రాదు. అది పాటలోకి వచ్చే అవకాశమే తక్కువ. మా టీవీలో ప్రసారమైన 'రేలా రె రేలా' ఈ గోడలో ఒక తలుపు తెరిచింది. గోరటి వెంకన్న, సుద్దాల అశోక్ తేజ వంటి కవులు న్యాయనిర్ణేతల స్థానంలో కూర్చోవడంతో ప్రమాణమే మారింది. యాస దోషం కాకుండా గుణమైంది. ఇక ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలపు 'ధూం ధాం' సభలు పోటీ, తీర్పు, ఓటు ఏవీ లేకుండానే గాయకులను ఇంటింటి పేర్లు చేశాయి. టెలివిజన్ పోటీ కీర్తికి ఏకైక మార్గం కాదని చెప్పడానికి ఇంతకన్న బలమైన సాక్ష్యం అక్కరలేదు.

ముగింపు

స్మిత ప్రస్థానం మూడు విషయాలను తేటపరుస్తుంది. ఒకటి, తెలుగు పాప్ పాట విదేశీ అనుకరణగా ఆకాశం నుంచి ఊడిపడలేదు. సినిమా పాటను గౌరవించే సంప్రదాయ వేదికే దానికి గాయనిని ఇచ్చింది. రెండు, గళానికి ముఖం దొరికినప్పుడు గాయనికి స్వేచ్ఛ, రచయితకు మరుగు ఏకకాలంలో కలిగాయి. మూడు, ఏ పోటీ అయినా ఒక భాషా ప్రమాణాన్ని వెంట తెస్తుంది. ఎవరి తెలుగు వేదిక ఎక్కుతుందో ఆ ప్రమాణమే నిర్ణయిస్తుంది.

అందువల్ల తెలుగు శాఖలు చేపట్టవలసిన పనులు రెండున్నాయి. పాప్ ఆల్బంల సాహిత్యాన్ని రచయితల పేర్లతో సహా సేకరించి భద్రపరచాలి. 'పాడుతా తీయగా'లో బాలసుబ్రహ్మణ్యం 2020లో కన్నుమూసే దాకా పంచిన వ్యాఖ్యానాలను పాట విమర్శగా గుర్తించి అక్షరబద్ధం చేయాలి. క్యాసెట్లు చెడిపోతున్నాయి, పాత ప్రసారాలు చెదిరిపోతున్నాయి. తాళపత్రాల విషయంలో మన పూర్వులు చూపిన శ్రద్ధలో కొంతైనా ఈ పాటలకు దక్కకపోతే, ఒక తరం విన్న తెలుగు ఎలా ఉండేదో చెప్పే ఆధారాలు తరువాతి పరిశోధకులకు మిగలవు.