మరచిన సంకేతపదం – జావా పోర్టల్‌లో పెరటి తలుపు

అంతర్జాల పోర్టల్‌లో సంకేతపదం, అనగా పాస్‌వర్డ్ మరచినవారు కార్యాలయానికి వెళ్లకుండా తామే కొత్తది పెట్టుకొనే ఏర్పాటు ఒకటి ఉంటుంది. వీధి తలుపు ఎంత దిట్టమైనదైనా పెరటి తలుపుకు గడియ లేకపోతే ఇల్లు దొంగలపాలే. పోర్టల్‌కు ఈ ఏర్పాటు అటువంటి పెరటి తలుపు.

2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీపడిన సారా పాలిన్ యాహూ మెయిల్‌ను ఒక కళాశాల విద్యార్థి ఈ దారినే తెరిచాడు. పుట్టినతేదీ, పిన్‌కోడ్ వంటిది, భర్తతో పరిచయమైన చోటు – ఇవే అతడు జవాబు చెప్పవలసి వచ్చిన ప్రశ్నలు. మన పల్లెల్లోనైతే ఎవరి తల్లి పుట్టినూరు ఎవరికి తెలియదు? అందువలన అటువంటి ప్రశ్నలను ఆధారంగా తీసుకోరాదు.

జావాలో దీనిని నిర్మించేవారు మొదట గమనించవలసినది, సంకేతపదాన్ని ఉన్నదున్నట్లు దాచరాదని. 1999లో వెలువడిన బిక్రిప్ట్ వంటి పద్ధతితో తిరిగి విప్పలేని రూపంలోకి మార్చి దాచాలి. పాత సంకేతపదాన్నే మెయిల్‌లో పంపే పోర్టల్ ఈ నియమాన్ని పాటించలేదని చదువరులు గ్రహించవచ్చు.

అభ్యర్థన రాగానే సర్వర్ ఒక రహస్య గుర్తును పుట్టిస్తుంది. ఇందుకు జావాలోని సాధారణ ‘ర్యాండమ్’ పనికిరాదు; అది ఇచ్చిన రెండు మూడు సంఖ్యలు చూసినవాడు తరువాతి వాటిని లెక్కగట్టగలడు. ‘సెక్యూర్‌ర్యాండమ్’నే వాడాలి. ఆ గుర్తును కూడా మార్చిన రూపంలోనే భద్రపరచి, ఇరవై నిమిషాల వంటి స్వల్ప గడువు పెట్టి, ఒక్కసారి వాడగానే చెరిపివేయాలి. ఖాతా ఉన్నా లేకున్నా తెరపై ఒకే జవాబు కనిపించాలి. లేకపోతే ఎవరికి ఖాతా ఉన్నదో పరులకు తెలిసిపోతుంది. ఆరంకెల ఓటీపీ అయితే మొత్తం పది లక్షల అవకాశాలే కనుక ప్రయత్నాలను ఐదారింటికి పరిమితం చేయాలి. కొత్త సంకేతపదం పెట్టగానే అంతకుముందు తెరిచి ఉన్న ప్రవేశాలన్నీ మూసివేయాలి.

సరిహద్దు ప్రాంతాలకు భాష మరో సమస్య. 2017లో వచ్చిన జావా 9 నుండి సందేశాల ఫైళ్లలో తెలుగు, కన్నడ అక్షరాలను నేరుగా వ్రాయవచ్చు. అంతకుముందు ప్రతి అక్షరానికీ దాని యూనికోడ్ సంఖ్య వ్రాయవలసివచ్చేది. అయితే భారతీయ లిపులలో ఒక్క ఎస్సెమ్మెస్‌కు 70 గుర్తులే పడతాయి. గుణింతపు గుర్తులూ లెక్కకు వస్తాయి. ‘తెలుగు’ అన్న మాటకే ఆరు.

అన్నిటికంటె చిక్కైనది ఫోన్ నంబరు. రాయచూరు నుండి హైదరాబాదుకు పనికి వెళ్లిన కుటుంబం సిమ్ మార్చుకుంటుంది. రద్దయిన నంబరును 90 రోజుల వరకు ఎవరికీ కేటాయించరని 2023లో ట్రాయ్ సుప్రీంకోర్టుకు తెలిపింది. ఆ పిమ్మట అది కొత్తవారి చేతికి పోవచ్చు, ఓటీపీ కూడా వారికే చేరుతుంది. నెట్ సెంటరు యజమాని నంబరుతో ఖాతా తెరిచినవారి తాళంచెవి మొదటినుండీ ఆయన వద్దనే ఉన్నట్లు. కనుక నంబరు మార్చుకొనే పేజీ కూడా పోర్టల్‌లో ఉండాలి. అది ప్రస్తుత సంకేతపదాన్ని అడిగి, కొత్త నంబరుకు ఓటీపీ పంపి, మార్పు సంగతిని పాత నంబరుకు సైతం తెలియజేయాలి.