కబ్జా డాట్ కామ్

సైబర్ స్క్వాటింగ్‌లో ‘స్క్వాట్’ అంటే గొంతుక్కూర్చోవడం. అమెరికాలో పట్టా లేకుండా ఖాళీ నేలలో మకాం వేసినవాళ్లను స్క్వాటర్లన్నారు. పేరున్న కంపెనీ పేరును డొమైన్‌గా ముందే రిజిస్టర్ చేసి బేరానికి పెట్టేవాళ్లకూ ఆ మాటే అంటుకుంది. మనకు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ‘కబ్జా’ ఉంది; చెరువుల్నే మింగిన మాట, దీనికీ సరిపోతుంది.

స్థలం కబ్జా అయితే కోర్టులో ఏళ్లు గడుస్తాయి. డొమైన్ల కోసం, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 1999లో యూడీఆర్‌పీ అనే వివాద పరిష్కార విధానం తెచ్చింది. తొలి కేసు వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్‌ది: 100 డాలర్లకు రిజిస్టర్ చేసుకున్న పేరును 1,000కి అమ్మజూపాడొకడు. 2000 జనవరిలోనే పేరు ఫెడరేషన్‌కు దక్కింది. అయితే ఫిర్యాదీ మూడూ రుజువు చేయాలి: పోలిక, అవతలివాడికి హక్కు లేకపోవడం, దురుద్దేశం. పోలిక ఒక్కటే చాలదు.