ఎవరి పిలగానివిరా?

ఒంటరిగా కనబడ్డ పిల్లవాణ్ణి మా వరంగల్లులో ముందుగా అడిగేది పేరు కాదు, "ఎవరి పిలగానివిరా?" అని. ఆప్యాయమైన ప్రశ్నే. కానీ తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్నవాడికీ, వాళ్ల పేరు చెబితే వెనక్కి పంపేస్తారేమోనని హడలిపోయేవాడికీ ఇంతకన్నా కష్టమైన ప్రశ్న ఉండదు.

అభయమివ్వడం మా ఊరి చరిత్రకు కొత్తకాదు సుమండీ! ఓరుగల్లు నేలిన గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సొమ్మును పూర్వపు రాజులు లాక్కునేవారట. తాను మాత్రం సుంకం పుచ్చుకుని తక్కినది ముట్టనన్నాడు. గొప్ప మాటే! కాకపోతే అది సరుకున్న వర్తకుడికిచ్చిన అభయం. చేతిలో చిల్లిగవ్వ లేక, వెంట పెద్దదిక్కు లేక ఒడ్డుకు చేరిన పసివాడి మాటేమిటి?

సముద్రం లేని మా ఊరికి కాజీపేట జంక్షనే రేవు. 1929లో బల్లార్షా లైను పూర్తయ్యాక ఢిల్లీ, మద్రాసు దారి ఇక్కడ కలిసింది. ఇల్లు విడిచి రైలెక్కిన పిల్లలు దిగేది ఇలాంటి జంక్షన్లలోనే.

దేశమే విడిచి వచ్చిన పిల్లల్ని ఆదుకున్న రాజు కూడా మనకొకడున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో పోలండ్ నుంచి సోవియట్ దేశానికి తరిమివేయబడ్డ కుటుంబాల పిల్లలు, చాలామంది అనాథలు, 1942లో నవానగర్ చేరారు. మహారాజు దిగ్విజయసింహ్‌జీ వాళ్లకు బాలాచడిలో శిబిరం కట్టించాడు. పిల్లలాయన్ని 'బాపూ' అని పిలిచారు. ఎవరి పిల్లలంటే, అక్కడ జవాబు దొరికింది.

అన్నిచోట్లా మహారాజులుంటారా? అందుకే చట్టం కావాలి. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో మన దేశం చేరలేదు. అయితే 1992లో బాలల హక్కుల ఒడంబడికలో చేరింది. పెద్దలు వెంటలేని శరణార్థి పిల్లలకూ రక్షణ ఇవ్వాలని దాని 22వ అధికరణం చెబుతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. ఏ దేశంవాడన్నది ఆ నిర్వచనంలో లేదు. దిక్కులేని పిల్లవాడు తారసపడితే 24 గంటల్లోగా పోలీసులకో, 1098కో, బాలల సంక్షేమ సమితికో చెప్పాలి. ఇది అధికారుల పని మాత్రమే కాదు, ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ చూసిన మీదీ, నాదీ.

కనుక ఊరూ పేరూ తర్వాత అడుగుదాం. ముందు "బువ్వ తిన్నవా బిడ్డా?" అందాం. ఆ తర్వాత ఫోను చేద్దాం.